రెండుసార్లు ఊగే కాగితం

అలెగ్జాండ్రియాలో వైద్య విద్యార్థులకు రేపే నోటి పరీక్ష. ఇద్దరమ్మాయిలు కిటికీలు మూసుకుని, కాలేయమూ ప్లీహమూ ఉబ్బే జబ్బు పేరును ముక్కలు చేసి వల్లిస్తున్నారు.

"హె... బా... టో... స్బ్లీ... నో... మె... గ... లీ."

"'బా' కాదే మొద్దూ, 'పా'! అరబ్బుల నోటికి 'ప' రాదులే అని పరీక్షలో ఊరుకుంటారా? పెదవుల ముందు కాగితం పట్టుకో. ఈ పేరులో 'ప' రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ కాగితం ఊగాలి. దుర్రియా మేడమ్ నేర్పింది అదేగా."

"ఆవిడ పోయి నిన్నటికి నలభై రోజులే. ఆవిడ గొంతున్న ఆ క్యాసెట్ వద్దే, భయమేస్తోంది."

"వినకపోతే తప్పుతావ్. ఇదిగో, పెడుతున్నా."

"హె... పా..." అంది క్యాసెట్‌లో మేడమ్ గొంతు.

"భలే! ఇప్పుడు నీ కాగితం ఊగింది."

"నేను నోరే తెరవలేదే! ఆపెయ్ దాన్ని!"

"'పా' దగ్గరే ఆపేశానే."

"మరి రెండోసారి ఎందుకు ఊగింది?"