ఇడువుమనే దాంక

"అమ్మమ్మా, నీకు కారు బ్రేకులు బిగించుడు వస్తుండెనంట గదా? అమ్మ చెప్పింది."

మీ అమ్మకు నోరాగదు. వస్తుండె బిడ్డా. ఇప్పటి కార్లయి కాదు, గప్పటియి. ఎనక చక్రాలకు డ్రమ్ములుండేవి, బోర్లేసిన గిన్నె తీరు. లోపట రెండు లైనర్లుంటయ్. అవి అరిగిన కొద్ది పెడలు కిందికి దిగుతది. చక్రాన్ని జాకీ మీద లేపి, ఎనకదిక్కు ఒక పలకల బోల్టుంటది, దాన్ని పానాతోని తిప్పుకుంట చక్రాన్ని ఆడిస్తుండాలె. చక్రం పట్టేసినంక బోల్టు జెర ఎనకకు తిప్పాలె. నడుమ నడుమ ఒకలు లోపట కూసోని పెడలు తొక్కాలె, లైనర్లు జాగల కూసునేటందుకు. ఆ తొక్కేదాన్ని మొదలు నేనే.

నవ్వకు. సంగారెడ్డి బజార్ల మాది గల్ల దుకాణం, కందులు జొన్నలు కొలిచేటిది, నేను శెట్టోళ్ల కోడల్ని, నాకేం పని కారుతోని? మీ తాతకుండె పిచ్చి. దుకాణంల కూసున్నా చెవు సడక్ మీదనే. ఏ మోటరు పోయినా తల బయటికి పెట్టుడే.

ఆ కారు గూడ అందరెక్కేటిది కాదు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, నేలకానుకోని ఉరికేది. బజార్ల కప్పకారు అనేటోళ్లు. ఎంతకు కొన్నడో నాకు యాదికి లేదు గని, ఆ పైసలకు ఎడ్ల జతొస్తుండె అని మా అత్త సచ్చేదాంక అన్నది. గప్పుడు పటాన్‌చెరు కాడ ఫ్యాక్టరీలు లేస్తున్నయ్. దేశంగాని దేశం నుంచి ఒక ఇంజినీరు వచ్చి, ఆ కారు తెచ్చుకున్నడంట. ఆయిన పోయేటప్పుడు తన కింద పనిచేసేటి రుద్రారం పిలగానికి ఇచ్చి పోయిండు. మాధవ్ అని. ఆ మాధవ్ చిన్న వయసుల సచ్చిపోతె వాళ్లన్న రంగారెడ్డి మీ తాతకు అమ్మిండు. ఎట్ల సచ్చిండని మేమడగలే, ఆయిన చెప్పలే.

గప్పటికి మీ అమ్మ పుట్టి... లేదు లేదు, మీ పెద్దమామ పుట్టిండు, మీ అమ్మ ఇంక పుట్టలే. ఎండకాలం. అత్త వాకిట్ల మిరపకాయలు ఎండబోసింది, ఘాటుకు ముక్కు మండుతుంది. మీ తాత కారు ఎనక పండుకున్నడు, నేను కొంగు నడుముకు చెక్కి స్టీరింగు కాడ కూసున్న. తొక్కు అన్నడు, తొక్కిన. ఇడువు అన్నడు, ఇడిసిన.

"ఇడువుమంటి గదనే!" అని కోపం జేసిండు.

"ఇడిస్తి గదయ్యా!"

"మరి చక్రం తిరుగుత లేదేంది?"

కిందికి సూసిన బిడ్డా. నా కాలు పైన ఉంది. పెడలు కిందనే ఉంది, నేలకు ఆని. ఒంగి చెయ్యి పెట్టి లేపబోయిన, లేవలే. ఇనుము పట్టేస్తె ఎట్లుంటదో నాకెర్కే, దుకాణంల తలుపుల గొళ్లాలు తీస్తలేనా రోజు. ఇది గట్ల లేదు. శానసేపు ఒక్క కాలు మీద నిలబడితె పిక్క వణుకుతది సూడు, గట్ల వణుకుతుంది ఆ పెడలు. నా చెయ్యికి తెలుస్తుంది. నేను కారుల కెళ్లి దునికి వచ్చి మిరపకాయల పొంటి నిలబడ్డ. జెరసేపటికి అదే మెల్లగ పైకి లేచింది.

పటాన్‌చెరు నుంచి ఒక మిస్త్రీని పిలిపిచ్చిండు మీ తాత. ఆయిన స్ప్రింగు మార్చిండు, పైపులు ఊదిండు, డ్రమ్ములు తీసి గీకిండు. అన్నీ అయినంక ఆయిన సూస్తుండంగనే పెడలు మళ్ల కిందికి పోయింది, కారుల ఎవ్వలు లేరు. "సేట్, ఇస్మే ఖరాబీ కుచ్ నహీ" అన్నడు, దీంట్ల చెడింది ఏం లేదని. చాయ్ పెట్టిన, తాగకుంటనె పానాలు మూట గట్టుకోని పోయిండు. మా అత్తయితె ఆ కారన్న ఉండాలె, నేనన్న ఉండాలె అని కూసుంది.

మీ తాత మొండి. ఇనడు. పటాన్‌చెరుల మా మేనమామ ఇంట్ల పేరంటముంటె, పిలగాన్ని అత్త కాడ ఇడిసిపెట్టి ఇద్దరం ఆ కారులనే బయలెల్లినం. తొవ్వల మంచిగనే పోయింది. గాలికి నా కొంగు ఎగురుతుంటె, నిజం చెప్పాల్నంటె నాకు గూడ సంబురమనిపిచ్చింది. రుద్రారం దగ్గరికి వచ్చేసరికి నేను పెడలు దిక్కు సూసిన. ఎందుకు సూసిన్నో తెల్వదు. మీ తాత కాలు దాని మీద లేదు. నా కండ్ల ముందట అది దిగింది. ఎనక చక్రం కీక పెట్టింది, కారు గిర్రున తిరిగి సడక్ మీద అడ్డం పడ్డది. ఎదురుంగ ఇటుకల లారి. దాని డ్రైవరు ఎట్ల ఆపిండో ఆ దేవునికెర్క. లారి ముక్కు నా తలుపు కాడికొచ్చి ఆగింది, ఇంజను ఎచ్చన నా మొఖానికి తగిలింది.

చక్రం పట్టింది పట్టినట్టే ఉంది. పది మంది నూకినా కదలలే. సడక్ పక్కన తన శెల్కల పని జేస్తున్న రంగారెడ్డి ఉరికొచ్చి, ఎడ్లను కట్టి గుంజిపిచ్చిండు వాళ్లింటికి. తొవ్వ పొడుగూత ఆ తిరగని చక్రం మట్టిల గీత గీసుకుంట వచ్చింది. ఇంటెనక కొట్టంల పెట్టిండ్రు.

నేను మంచినీళ్లకని ఇంట్లకు పోయిన. అర్రల గోడకానుకోని ఒక ముసలామె కూసుంది, రంగారెడ్డి వాళ్లమ్మ, అనసూయమ్మ. కుడికాలు ముందటికి సాపి ఎదురుంగున్న కంబాన్ని తొక్కి పట్టింది. ఊకె ఆనిచ్చుడు కాదు, తొక్కి పట్టుడు. కంబం మీద సున్నం ఊడి పాదమంత గుంట పడ్డది. పిక్క నరాలు తేలినయ్. ఆ కాలు సన్నగ వణుకుతుంది.

ఆ వణుకు నాకు ఎర్కే. నా చెయ్యి సూసుకున్న.

అప్పుడు చెప్పిండు రంగారెడ్డి. మాధవ్ ఆ కొట్టంలనే బ్రేకులు సరి జేసుకునేటోడంట, ఎప్పుడన్నా వాళ్లమ్మనే కూసోబెట్టేటోడంట. ఆ దినం గూడ "అమ్మా, తొక్కి పట్టు, నేను ఇడువుమనే దాంక ఇడువకు" అన్నడు. ఎనక సొప్పమోపుల సందుల కట్లపాముండె. అది కరిస్తె నొప్పి గూడ సరిగ తెల్వదంటరు. పండుకున్న కాడనే పోయిండు పిలగాడు. కొడుకు పని మీద ఉన్నడు, పిలిస్తె కోపం జేస్తడని ఈమె గట్లనే తొక్కి కూసుంది. రంగారెడ్డి శెల్కల కెళ్లి వచ్చి సూస్తె, ఆమె ఇంక తొక్కే ఉంది.

"కాలు పెడలు మీదికెళ్లి మేం తీసినం అక్కా," అన్నడు నాతోని. "ఆమె మాత్రం ఇడువలే. నడువదు. ఏది అందితె దాన్ని తొక్కుతది."

మీ తాత కొట్టంలకు పోయి జాకీ తీసిండు. నేను ఆమె పక్కన కూసోని, "అమ్మా, కారు కాడికి వస్తవా?" అన్న.

"పిలిచిండా?" అన్నది.

ఏమనాలె చెప్పు? "రా అమ్మా" అన్న, గంతే.

రంగారెడ్డి ఎత్తుకోని తెచ్చి సీట్ల కూసోబెట్టిండు. పెడలు అప్పటికే కింద ఉంది. ఆమె కాలు పోయి, తన చెప్పుల పెట్టుకున్నట్టు దాని మీద కూసుంది. మీ తాత ఎడమ చక్రం కాడ పండుకోని, "ఇడువమ్మా" అన్నడు.

ఆమె తల అడ్డంగ ఊపింది. "నువ్వు గాదు."

రంగారెడ్డి ఏడ్సుకుంట, "ఇడువవే అమ్మా" అన్నడు.

"నువ్వు గాదు."

ఇగ మీ తాత తన పని మొదలువెట్టిండు, గంతకంటె ఏం జేస్తడు? కొట్టంల చీకటుంటదని టార్చి పండ్ల నడుమ పట్టుకోని బోల్టు తిప్పవట్టిండు. కిర్రు... కిర్రు. ఆ సప్పుడుకు ఆమె తల జెర వంగింది. ఎర్కున్న సప్పుడు గదా. ఎడ్లు గూడ నెమరేసుడు ఆపినయ్ బిడ్డా.

ఎనక నుంచి మాట వచ్చింది. "ఇగ ఇడువమ్మా, అయిపాయె." చేతులు తుడుసుకుంట అన్నట్టు, అల్కగ.

ఆమె కాలు లేచింది. పెడలు దాని ఎంటనే లేచింది. మీ తాత చెయ్యి తాకిచ్చిండో లేదో, ఎనక చక్రం సుయ్యిమని తిరిగింది. ఆమె ఏడ్వలే. కాలు రెండు చేతులల్ల పట్టుకోని, "గింత సేపు జేస్తివేందిరా" అన్నది. గంతే.

ఇంటికి వచ్చేటప్పుడు నేనే అన్న, నువ్వా మాట మంచిగన్నవయ్యా, పిలగాని తీరుగ అన్నవ్ అని. మీ తాత కారు పక్కకు తీసి ఆపిండు. "నేనెక్కడన్ననే? టార్చి పండ్లల్ల ఉండె" అన్నడు.

నేను సూసిన. మీ తాత పండుకున్నది ఎడమదిక్కు. ఆ మాట ఇని ఆమె తల తిప్పి సూసింది కుడిదిక్కు.

తర్వాత మా కారుకు ఏ తిప్పలు రాలే. అనసూయమ్మ నడిసింది గూడ. మొదలు కట్టె పట్టుకోని, తర్వాత ఊకెనే. కందులు తెచ్చేటప్పుడు కొడుకుతోని మా దుకాణానికి వచ్చేది. మీ తాత గల్ల కొలుసుకుంట కూసుంటె, బ్రేకుల పని ఇగ మా ఇద్దరిదే. నేను కారు కింద, ఆమె సీటు మీద. ఆ బోల్టు తిప్పుడు నేర్పిచ్చింది ఆమెనే, కొడుకు జేస్తుంటె సూసిందంట. నేను ఇడువు అంటె సాలు, ఎంటనే ఇడిసేది. ఇడిసి నవ్వేది. కారు తర్వాత ఎవలో బొంబాయాయిన కొనుక్కపోయిండు. ఆమె శాన ఏండ్లు బతికింది. ఒకనాడు పగటీలి సాపేసుకోని, రెండు కాళ్లు బార్ల సాపుకోని పండుకున్నదంట, ఇగ లేవలే. రంగారెడ్డి వచ్చి చెప్పి పోయిండు.

ఆ మాట ఎవలన్నరో నాకు తెల్వదు బిడ్డా. అడుగకు. నేను గూడ ఎవల్నడగలే. నువ్వు సల్లగుండు, నీ పిల్లలు సల్లగుండాలె. పొయ్యేటప్పుడు పొయ్యొస్త అని చెప్పి పోయేటోళ్లే నీ ఇంట్ల ఉండాలె... ఇగో, నీ చాయ్ సల్లారింది. ఉండు, జెర ఎచ్చ జేసుకొస్త...