అకస్మాత్తుగా అన్న మాట

లేదక్కా, ఆ మాట పోలీసులు రాయలేదు. వ్యాను కంపెనీ వాళ్ళు ఎవరి చేతా రాయించనూ లేదు. నేనే రాశాను. ఇరవై మూడు రోజులుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను.

కళ్ళు అంత పెద్దవి చెయ్యకు. దవడకి తీగలు కట్టారు కాబట్టి తిట్టలేవని తెలుసు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాననుకో. రాసుకునే పలక తర్వాత ఇస్తాను, ముందు విను.

పొద్దున ఆ పెద్దమనిషి వచ్చాడు కదా, వ్యాను కంపెనీ తరఫున. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ళ సంచీ. దవడ విరిగిన మనిషికి ఆపిల్ పళ్ళు తెచ్చాడు, వాడి తెలివి తెల్లారినట్టే ఉంది. "మీ చెల్లెలు రాసిచ్చిన ఫిర్యాదులోనే ఉందమ్మా, మీరు అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చారని. కోర్టుకెళ్తే మీకేం రాదు. ఈ రాజీ కాగితం మీద సంతకం పెట్టండి, ఆసుపత్రి బిల్లు మేం చూసుకుంటాం" అన్నాడు. వాడి మెత్తదనానికి నా ఒళ్ళు మండిపోయింది. నువ్వేమో తలూపావు. ఐదింటికి సంతకం కోసం మళ్ళీ వస్తానన్నాడు.

ఎందుకూపావక్కా తల? కాలిబాట దిగిన దగ్గర్నుంచీ నీకేం గుర్తు లేదు. ఇక గుర్తు రాదని డాక్టరు కూడా చెప్పేశాడు. అందుకని ఆ కాగితం ఏం చెబితే అదే జరిగిందనుకుంటున్నావు. అవునా? నీ మీద నీకున్న నమ్మకం కంటే నా చేతిరాత మీద ఎక్కువ నమ్మకమా నీకు?

అకస్మాత్తుగా అట. నువ్వు. బుద్ధెరిగాక ఒక్క పనైనా అకస్మాత్తుగా చేశావా? తుమ్మొస్తే ముందు జేబురుమాలు వెతుక్కుని, అది దొరికాక తుమ్మే మనిషివి. రోడ్డు మీద కుక్క కూడా లేకపోయినా ఎర్ర దీపం ఉందని నిలబడిపోయేదానివి. నేను లాగితే "అవతలి పక్క ఎవరైనా నీకు కిరీటం పెడతారా ఏంటే" అనేదానివి. నాన్న నిన్ను తాబేలు అని పిలిచింది ఊరికేనా?

మరి ఎందుకు రాశావు అంటావు. ఆఁ, అక్కడికే వస్తున్నా.

నేను పనిచేసే ప్లీడరు గారు ఎవరి తరఫు? బీమా కంపెనీల తరఫు. దెబ్బ తగిలినవాళ్ళు పరిహారం అడిగితే, ఇవ్వక్కర్లేదని చెప్పే తరఫు. నాలుగేళ్ళుగా ఆ జవాబులు టైపు చేస్తున్నది నేనే. అన్నిట్లో ఒకటే వాక్యం. "సదరు పాదచారి అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డం రాగా." ముసలాయనకైనా అదే, బడిపిల్లకైనా అదే. కాలిబాట మీద కూర్చుని చెప్పులు కుట్టుకునేవాడి మీదకి లారీ ఎక్కితే, వాడికీ అదే. కూర్చున్నవాడు అకస్మాత్తుగా ఎలా వస్తాడు సార్ అని అడిగాను ఓసారి. "నువ్వు టైపు చెయ్యమ్మా" అన్నారు.

చేశాను. చెయ్యడమేంటి, కొట్టీ కొట్టీ విసుగెత్తి కంప్యూటర్లో అడ్డదారి కూడా పెట్టుకున్నాను. 'అక' అని కొడితే చాలు, వాక్యమంతా తనే వచ్చి కూర్చుంటుంది. భలే పని కలిసొచ్చిందని సంబరపడ్డాను కూడా.

ఆ రోజు స్టేషన్లో రైటరు తెల్లకాగితం ఇచ్చి "ఏం జరిగిందో రాయి" అన్నాడు. ఆసుపత్రిలో నిన్ను పట్టుకున్నప్పుడు నా బట్టలకి అంటిన నీ రక్తం ఇంకా ఆరలేదు. వ్యాను గుద్దినప్పుడు నేను అక్కడ లేను, చూడలేదు. ఆ రెండు ముక్కలే రాయాలి కదా? బుర్ర పనిచెయ్యలేదు. చెయ్యి మాత్రం దానికొచ్చిన పని అది చేసేసింది. 'మా అక్క' అని మొదలుపెట్టిందో లేదో, మిగతాదంతా తనే వచ్చి కూర్చుంది. కింద సంతకం. రైటరు చదివి "శుభ్రంగా రాశావమ్మా" అని మెచ్చుకున్నాడు.

ఇంటికెళ్ళి బట్టలు తడుపుతుంటే అప్పుడు తట్టింది, ఏం రాశానో.

వెంటనే పరుగెత్తాల్సింది. వెళ్ళలేదు. ఆ వ్యానుకి బీమా ఎవరిదో తెలుసా? మా ప్లీడరు గారు వాదించే కంపెనీదే. దిద్దితే ఆయనకి తెలుస్తుంది, తెలిస్తే నా కుర్చీ పోతుంది. అదీ నా లెక్క. నువ్వు ఇక్కడ గొట్టంతో గంజి తాగుతున్నావు, నేను కుర్చీ గురించి ఆలోచిస్తున్నాను.

అది కూడా పోనీ. పోయిన వారం పలక మీద "తప్పు నాదేనేమో" అని రాసి చూపించావు. నేనేం చేశాను? గుడ్డ తీసుకుని తుడిచాను. కాదు అనలేదు. "నీరసంగా ఉన్నావు, పడుకో" అన్నాను. ఆ వ్యాను డ్రైవరు కనీసం నీ కళ్ళలోకి చూసి గుద్దలేదక్కా.

ఇవాళ ఆ ఆపిల్ పళ్ళవాడు వచ్చి వెళ్ళాక ఉండబట్టలేక ఆ కూడలికి పోయాను. ఎదురుగా చెప్పుల దుకాణం ఉంది, గుమ్మం మీద కెమెరా. యజమానిని బతిమాలితే చూపించాడు. ఆకుపచ్చ దీపం వచ్చాక కూడా నువ్వు ఇటోసారి, అటోసారి చూశావు. చెయ్యెత్తావు. తెల్ల గీతల మీదే నడిచావు. మూడో గీత మీద ఉన్నావు. వ్యాను మలుపు తిరిగింది, వాడి చెవి దగ్గర ఫోను. అకస్మాత్తుగా వచ్చింది వాడు.

ముప్పై రోజులకి అది చెరిగిపోతుందట. పోలీసులు అడిగితే ఇస్తాను, నీకివ్వను అన్నాడు. పోలీసులు ఎందుకడుగుతారు? తప్పు మా మనిషిదేనని ఇంట్లోవాళ్ళే రాసిచ్చారు కదా.

మళ్ళీ వాంగ్మూలం ఇవ్వొచ్చు. ఆ కెమెరాలో బొమ్మ తెప్పించమని అడగొచ్చు. డ్రైవరు మీద కేసు వేరే, పరిహారానికి ట్రిబ్యునల్లో వేసేది వేరే. నడిచేవాళ్ళకి దార్లున్నాయక్కా. నాలుగేళ్ళు వాటికి తలుపులు బిగించే పనే చేశాను కాబట్టి ఒక్కొక్కటీ నాకు తెలుసు. తర్వాత అల్లిన కథ అంటారు మా ఆఫీసువాళ్ళు, అదీ నేను టైపు చేసిన మాటే. అననీ.

ఏడవకు, తీగలు లాగుతాయి. ఇదిగో పలక. తిట్టాలంటే పెద్ద అక్షరాల్లో తిట్టు.

ఏంటిది? 'నీ ఉద్యోగం?' అనా? ఇంత విన్నాక నువ్వు అడిగేది ఇదా? నీతో ఎలా వేగాలో నాకు తెలీదు. పోతుంది. పోనీ.

ఐదు కావస్తోంది. ఆ రాజీ కాగితంవాడు వచ్చేలోపే స్టేషన్ రైటరుకి ఫోన్ చేస్తాను, ఇక్కడే, నీ ముందే. ఏమంటానా? నేను అక్కడ లేనంటాను, ఏమీ చూడలేదంటాను. ఆ కాగితంలో నిజమైనది నా సంతకం ఒక్కటేనంటాను.