వాహబ్ అంగీ

ఒక్క మాట చెప్త ఇను, ఇంతవరకు నా నోట్లకెళ్లి బయటికి రాలే. నాకు మా నాయిన మొకం యాదికి లేదు. ఆయన్ను చంపిండంటరు సూడు, గా వాహబ్ మొకమైతే కండ్ల ముంగట్నే ఉన్నది. కనుబొమ్మలల్ల పసుపు, మీసంల పసుపు, నవ్వితే పండ్ల సందుల గుడ పసుపే. కూసో బిడ్డా, చాయ్ తాగు. నువ్వు ఫోన్ల విజ్ఞాన సర్వస్వంల పెట్టిన ముక్క ఇందాక సదివి ఇనిపిచ్చినవు గదా, ఆర్మూర్ పసుపు వ్యాపారి హత్య, తేలని నేరం అని. భాష మార్చు, ఆధారాలు సరిజెయ్యి అని మీ కాలేజీ సారు అన్నడని ముసలోళ్ల కాడికి వచ్చినవు. మంచి ఇంటికే వచ్చినవు తీయ్. గా వ్యాపారి మా నాయిననే.

భాషనే ముందు సూద్దాం. నేను బడికి పోలే, దుకాణంల పొట్లం కాయితాలు సదివి సదివి అచ్చరాలు నేర్సిన, గని మాటకు బరువెంతో నాకెర్కే. "భయంకరమైన కాళరాత్రి" అన్నవు. రాత్రేంది, ఇంక పొద్దు గూకలే, బండ్లు ఇప్పుతున్నరు. "ప్రముఖ వ్యాపారి వెంకటరాజం" అన్నవు. అద్దె దుకాణం, ఒక్క కాంటా. అంకాపూర్ రైతు ఒక బండి ఎక్కువ తెస్తె మా ఇంట్ల పండుగ. గా మాట ఇంటే ఆయనే నవ్వుతుండె. ఇగ "కిరాతకుడు వాహబ్" అన్నవు. వాహబ్ మా కాంటా మీద తూకమేసేటోడు బిడ్డా. నన్ను పళ్లెంల కూసుండబెట్టి, అటు దిక్కు పసుపు కొమ్ములు పోసి, "సేఠ్, నీ బిడ్డ గిట్ల పెరిగితే నీ మాలు సాలది" అంటుండె. దానికి మా నాయిన ఏమన్నడో తెల్వది. గదే అంటున్న, మొకమే గాదు, గొంతు గుడ పోయింది.

పోలీస్ యాక్షన్‌కు ముందటేడు, ఎండకాలం, మార్కెట్ నిండ మాలు. గోదాం ఎనుక తల పగిలి పడి ఉండె మా నాయిన. నన్ను దగ్గరికి పోనియ్యలే ఎవ్వలు. వాహబ్ పెండ్లాం వహీదా ఎత్తుకొని వాళ్లింటికి తీస్కపోయింది. ఆమె బిడ్డ నూరున్నీసా నాకంటె జర చిన్నది, దానెంబడి ఆడుకుంట ఆడనే పన్న. తెల్లారి వహీదా మొగని అంగీ ఉతికింది. ఉతుకక ముందు నేను సూసిన, ఎప్పటి లెక్కనే పచ్చగున్నది. సబ్బు పెట్టంగనే ఎర్రగైంది. పసుపుకు సబ్బు తాకితే ఎర్రగ గాదా? ఆర్మూర్ల ఏ ఇంట్ల గాలే? మా నాయిన ధోతి ఉతికినప్పుడల్ల మా వాకిట్ల ఎర్ర నీళ్లే పారుతుండె. సబ్బు సరిగ పోకముందే ఆరేసిన గా తడి అంగీని దండెం మీద సూసింది పక్కింటి ముత్తెమ్మ. నెత్తురు, నెత్తురు అన్నది. గల్లి గల్లంత జమైంది. అందరు పసుపుల పుట్టి పసుపుల పెరిగినోళ్లే. ఒక్కలన్న సబ్బు అనలే. ఠాణకెళ్లి అమీన్ సాబ్ వచ్చేవరకు వహీదా మంచినీళ్లల్ల మల్ల జాడిచ్చి ఆరేసింది, అంగీ మల్ల పచ్చబడ్డది. గప్పుడేమన్నరో ఎర్కేనా? నెత్తురు కప్పేటందుకు పసుపు పూసిండు అన్నరు.

వాహబ్‌ను కొన్ని దినాలు ఠాణల ఉంచుకొని ఇడిసిపెట్టిండ్రు. ఏం లాభం, మల్ల ఒక్క దుకాణమోడు కాంటా ముట్టనియ్యలే. బోధన్ దిక్కు పోయిండ్రు. ఆడనే సచ్చిపోయిండు. అంగీ పచ్చగనే ఉండె అమ్మా అని మా అమ్మ కమలాబాయితోని నేను చెప్పకపోలే. పొయ్యి ఊదుతున్నది, ఇటు తిరుగలే. "నాకెర్కే" అన్నది. "ఎవలో ఒకలు ఉండాలె బిడ్డా. ఎవ్వలు లేకుంటే నేనెట్ల బతకాలె?" గంతే. మల్ల మా ఇద్దరి నడుమ గా ముచ్చట రాలే.

ఇగ నీ ఆధారాలు. నెత్తుటి అంగీ దొరికింది అన్న కాడ చిన్న అంకె ఏసి, కింద అంబదాస్ పంతులు పుస్తకం పేరు పెట్టినవు. గా పంతులు గీ అరుగు మీద కూసుండే రాస్కున్నడు. చెప్పింది మా అమ్మ. మా అమ్మకు చెప్పింది ముత్తెమ్మ. ముత్తెమ్మకు చెప్పింది తడి అంగీ. ఆయన పుస్తకం సూసి ఇంకొకడు రాసిండు, గది సూసి పేపరోడు ఏసిండు. మూడు ఆధారాలున్నయ్ అవ్వా అంటున్నవు. మూడు గాదు, ఒక్క నోరే.

నా మాట రాయమంటే అచ్చుల లేదు, నడువదంటవు. మొత్తం తీసెయ్యమంటే, నేను తీస్తె ఇంకొకలు పుస్తకం సూసి మల్ల పెడ్తరంటవు. నిజమే. "అనుమానించారు, ఆధారం దొరకక వదిలేశారు" అని రాస్తనంటున్నవు. రాయి. మర్యాదగ ఉన్నది. గని సదివేటోడు ఏమనుకుంటడు? తప్పిచ్చుకున్నడు అనుకుంటడు. ఎంత మంచిగ రాసినా గా అంగీ ఎర్రగనే కనవడ్తది బిడ్డా. మా నాయినను ఎవలు చంపిండ్రో నాకెర్కలేదు. ఎర్కలేకుంటనే పోత.

పోయినేడు నిజామాబాద్‌ల కంటి దవాఖానకు పోతే ఒక ముసలామె వచ్చి పక్కకు కూసున్నది. ఆమెకొక కంటికి పట్టి, నాకొక కంటికి పట్టి, ఇద్దరికి కలిపి ఒక మనిషి సూపు. ఆర్మూర్ అనంగనే చెయ్యి పట్టుకున్నది. నూరున్నీసా. ఒక్కటే అడిగింది. "అక్కా, మీ ఊర్ల మా అబ్బా పేరు ఇంక తీస్తరా?" అన్నది. "ఎవ్వలకు యాదికి లేదు చెల్లే, అందరు మర్సిపోయిండ్రు" అన్న. గప్పుడు గది నిజమే. పట్టి కిందికెళ్లి నీళ్లు కారినయ్ ఆమెకు. మనుమడు జలీల్‌తోని నా ఫోన్ల నంబర్ ఏపిచ్చి పోయింది. నేను చెయ్యలే. ఏం మాట్లాడాలె?

గా జలీల్ కాడ గుడ ఫోన్ ఉంటది గద. ముత్తాత పేరు కొట్టిండనుకో, నీ రాతనే వస్తది. ఆమెకు సదివి ఇనిపిస్తడు. నువ్వు ఇయ్యాల మారుస్తవు, గని ఇప్పటిదాంక ఎందరు సూసిండ్రో నీకే తెల్వదంటివి. మర్సిపోయిండ్రని చెప్పినదాన్ని నేను.

చాయ్ సల్లగైంది, ముట్టనే లేదు నువ్వు. గా ఫోన్ ఇటు తే. పేర్లల్ల కిందికి పో, నూరున్నీసా అని ఉంటది సూడు. వద్దు, నువ్వు మాట్లాడకు, నీ రాత సంగతి నేనే చెప్త. గా దినం అంగీ ఉతికేటప్పుడు అది గుడ నా పక్కకే నిలవడి సూసింది.

దొరికిందా? కలుపు.