సగం బుట్ట

డుంబ్రిగుడ దగ్గర తోటలో కాఫీ పళ్లు కోస్తున్న కోడలు నడుం పట్టుకుని కూర్చుంది. అత్త ఎదురుగా వచ్చి నిలబడింది.

“నిన్న అందరితో చిందేసి థింసా ఆడినావు. ఇయాల నడుం నొప్పేటే?”

“ఆడబట్టే ఎక్కువైంది అత్తా. మూడేళ్ల నొప్పి, నీకు తెల్దా?”

“ఓ రోజు లేవనే లేవవు. లేచిన రోజు మూడు బుట్టలు కోస్తావు. ఎలా నమ్మీది?”

“నువ్వు నమ్మాలనే మూడు కోస్తన్నాను. ఆసుపత్రి నర్సమ్మ అదే తప్పంది. నొప్పి ఉన్నా, నేకపోయినా, సగం బుట్ట నిండగానే కాసేపు కూకోమంది.”

“పని ఎగ్గొట్టడానికి మంచి మందే సెప్పింది!”

“సరే, నిండా కోసేస్తాను. రేపు మాత్రం లేవనేను.”

“ఆ బుట్ట ఇటియ్యి.”

“ఏటి సేత్తావు?”

“సగం కాడ గుర్తుకి తాడు కడతాను. నాకింకా అనుమానం పోనేదు. కూకోకుండా తాడు దాటి కోసినావంటే నీ నొప్పి అబద్ధమే.”