మూడు మెలికల కట్టు

నాకు చదువు రాదు. టేపు మీద అంకెలు తెలుస్తాయి, నా పేరు నెమ్మదిగా రాయగలను, రేకు కొట్టేవాడికి అంతకంటే అక్కర్లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను. ఎక్కువ చేసి చెప్పే అలవాటు మా ఇంటా వంటా లేదు.

ఆ రోజు మధ్యాహ్నం మూడైంది. మా షెడ్డులో పాత నల్ల కారు నిలబడి ఉంది. గుండ్రటి వీపు, కాలు పెట్టి ఎక్కడానికి తలుపు కింద మెట్టు, లోపల కొయ్య డ్యాష్‌బోర్డు. ఎనిమిది నెలలు కొట్టాను దాని రేకు. ఇప్పుడు దాని తలుపులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. అది డాక్టరమ్మగారి నాన్నది. ఆయనకి తొంభై ఒకటి, నాలుగడుగులు వేస్తే గొప్ప. సాయంత్రం ఐదింటికి ఆయన్ని అందులో కూర్చోబెట్టి ఒక్క చుట్టు తిప్పాలని ఆవిడ కోరిక. "నాన్న పొద్దున్నే బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు మేస్త్రీగారూ," అని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.

బండి చూస్తే స్టార్ట్ కాదు. హ్యాండిల్ తిప్పితే రెండు దగ్గులు దగ్గి ఊరుకుంటోంది, అంతా కార్బురేటరు జబ్బు.

ఎదురుగా టీ కొట్టు దగ్గర అందరిదీ ఒకటే పాట, "మీ బావమరిదిని పిలవండి." అలాంటి పాత కార్బురేటరు విప్పి బిగించగలిగినవాడు ఈ చుట్టుపక్కల వాడొక్కడే. పక్క వీధిలోనే ఉంటాడు. మా ఆవిడ తమ్ముడు. నాకూ వాడికీ ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు. మా ఆవిడ మాత్రం కూరగాయలకని సంచీ పట్టుకుని వాళ్ళింటికి పోయొస్తుంది, నాకు తెలీదనుకుంటుంది.

"ఈ జన్మలో పిలవను," అన్నాను. "ఎందుకో వింటే మీరూ పిలవమనరు."

"మళ్ళీ మొదలు," అన్నాడు లారీ డ్రైవరు.

"మొదలెట్టనీ అన్నా, టీ కాగుతోందిగా," అంది కొట్టు అమ్మాయి. "చెప్పు బాబాయ్."

సీట్లు కుట్టేవాడు తన పనిలో ఉన్నాడు. కొట్టు ముందున్న బెంచీ ఒక పక్క చిరిగిపోతే, దాని పక్కనే నేల మీద కూర్చుని కొత్త రెక్సిను కుడుతున్నాడు. వాడికి నోట్లో ఎప్పుడూ సూదే.

చెప్పాను.

"ముందు నా చెయ్యి ఎలాంటిదో తెలియాలి. నేను ఏ వైరు కట్టినా మూడు మెలికలు, కొస లోపలికి మడత. రెండు కాదు, నాలుగు కాదు. కొస బయటికి పొడుచుకొస్తే రేపు ఇంకొకడి వేలికి గుచ్చుకుంటుంది. ఏ బండి కిందైనా దూరి చూడండి, ఆ కట్టు కనపడిందా, అది నాదే. చదువుకున్నవాళ్ళకి సంతకం, నాకు అది. ఇంత పద్ధతి ఉన్న మనిషికి ఎలాంటి బావమరిది దొరికాడో చూడండి. ఒక హోటలు యజమాని ఉండేవాడు, మీసాలాయన. ఆయన దగ్గర ఇలాంటిదే ఒక పాత కారు, ముత్యం లాంటిది. పాత కారంటే ప్రేమ ఉన్నవాడు దాన్ని తుడుచుకుంటాడు, డబ్బు మాత్రమే ఉన్నవాడు దాన్ని సాగదీస్తాడు. ఈయనకి అతిథుల కోసం పొడుగు కారు కావాలిట. మావాడు ఎక్కడో బొమ్మ చూశాడు, 'బావా, దీన్ని నడిమికి కోసి మధ్యలో ముక్క అతుకుదాం,' అన్నాడు. ఇంజనూ బ్రేకులూ వాడివి, బాడీ నాది. నేను రంపం పట్టుకుని ఏడ్చాను. రంపం కూడా ఏడ్చింది, తుప్పు పట్టిందంటే నమ్మండి. కోశాను. మూడడుగులు పొడిగించాను. మీరు కూర్చున్న ఈ బెంచీ ఏమిటనుకున్నారు? దాని వెనక సీటే."

లారీ డ్రైవరు బెంచీని జానలతో కొలిచాడు. "ఏడడుగులుంది పెద్దాయనా. మూడడుగులు పొడిగిస్తే ఏడడుగుల సీటా?"

"నన్ను చెప్పనిస్తావా? మూడడుగులతో ఆగితే ఆయన మీసాలాయన ఎందుకవుతాడు? ఇంకో రెండడుగులన్నాడు. తర్వాత ఇంకో నాలుగు. నేను కోయడం, అతకడం. చివరికి టేపు అయిపోయింది, తాడు తెచ్చాం, తాడు అయిపోయింది, ఇక అడుగులు మానేసి వీధులతో కొలిచాం. ఈ బెంచీ దాన్లో డ్రైవరు జేబురుమాలు పెట్టుకునే మూల సీటు."

"ఇందాక వెనక సీటన్నారు."

"వెనకా ఒక మూలేగా! అంత పొడుగుంటే గొప్పే అనుకుంటారు మీరు. దాని కష్టాలు నన్నడగండి. మొదటి రోజే రోడ్డు మీద గతుకు ఎక్కింది. ముందు చక్రాలు దిగాయి, వెనక చక్రాలు ఎక్కలేదు, పొట్ట ఆనుకుని కూర్చుంది. నాలుగు చక్రాలూ గాల్లో. ఇంజను అరుస్తోంది, చక్రాలు తిరుగుతున్నాయి, బండి ధ్యానంలో ఉంది. లోపలున్న పెద్దమనుషులందరినీ ముందుకి రమ్మంటే ముక్కు వంగింది, వెనక్కి పొమ్మంటే తోక వంగింది. కోట్లు తొడుక్కున్న వాళ్ళు చిన్నపిల్లల్లా ఊగారు."

"అది జరుగుతుందిలే," అన్నాడు లారీ డ్రైవరు. "పొడుగు బండి పొట్ట తగులుతుంది."

వాడు ఒప్పుకున్నాడని నాకు హుషారొచ్చింది. ఒప్పుకోకపోయినా వచ్చేదే అనుకోండి.

"అది విన్నావుగా, ఇది విను. మలుపు తిప్పాలంటే ముందు రోజు సిగ్నలు వెయ్యాలి. ముందు భాగం బజారులో మలుపు తిరిగి కూరగాయల వాళ్ళతో బేరం ఆడుతుంటే వెనక భాగం ఇంకా హోటలు గుమ్మంలోనే ఉండేది, దాన్లోకి జనం ఎక్కుతూ ఉండేవాళ్ళు. ముందు ఎర్ర లైటు, వెనక పచ్చ లైటు. ముందు పోలీసు ఆగమంటాడు, వెనక పోలీసు ఎందుకాగావంటాడు. చల్లగాలి మిషను ముందు పెడితే ఆ గాలి నడిచి నడిచి వెనక్కి చేరేసరికి చెమట పట్టి వచ్చేది. కడగడానికి ఒకణ్ణి పెట్టారు, వాడు ముక్కు దగ్గర మొదలుపెట్టి తోకకి చేరేసరికి ముక్కు మీద దుమ్ము, పాపం వాడికి అందులోనే జుట్టు నెరిసింది."

"తలుపులెన్ని బాబాయ్?"

"లెక్కపెట్టినవాడు చివరికొచ్చేసరికి ఎంత దగ్గర మొదలెట్టాడో మర్చిపోయేవాడమ్మా. అది కాదు. వెనక కూర్చున్న మీసాలాయన 'ఆపవయ్యా' అంటే ఆ మాట డ్రైవరు చెవికి చేరేసరికి ఇల్లు దాటి నాలుగు వీధులు. అందుకని చీటీ రాసి చేతులు మార్చి పంపేవాళ్ళు. అసలు గొడవ అక్కడ వచ్చింది. మధ్యలో ఉన్నవాళ్ళు ఆ చీటీ చదివి, ఇప్పుడే ఎందుకు ఆపడం అని కింద వాళ్ళ మాట కూడా రాసి పంపేవాళ్ళు. డ్రైవరుకి అందేసరికి అది చీటీ కాదు, పుస్తకం."

కొట్టు అమ్మాయి టీ గరిట పట్టుకునే నవ్వుతోంది. సీట్లు కుట్టేవాడు సూది తీసి, "కాస్త లేవండి, అడుగు చెక్క ఊడదియ్యాలి," అన్నాడు. అందరూ లేచారు. వాడు బెంచీని బోర్లా పడేశాడు. నేను ఆగలేదు. ఆ ఊపులో ఉన్నప్పుడు నన్ను ఆపడానికి పొడుగు కారు అడ్డం పెట్టినా చాలదు.

"ఒకరోజు ఏమైందనుకున్నారు? ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద పోతున్నాం. ముందు ఏదో బండి, ఎంతకీ దారివ్వదు. మన డ్రైవరు హారన్ కొట్టాడు, లైట్లు వేశాడు, తల బయట పెట్టి వాడి ఏడు తరాలనీ తిట్టాడు. వాడు వేగం పెంచితే మనమూ పెంచాం, మనం తగ్గిస్తే వాడూ తగ్గించాడు. గంటసేపు ఇదే. చివరికి కళ్ళు చికిలించి నంబరు చదివితే, మన నంబరే! మన తోక వెనకాలే మనం పోతున్నాం. వెనక సీట్లో మీసాలాయన అద్దంలోంచి చూసి, ఎవడో వెధవ నన్ను వెంటాడుతున్నాడని పోలీసు స్టేషనుకి చీటీ రాశాడు."

లారీ డ్రైవరు దణ్ణం పెట్టాడు. "ఇరవై ఏళ్ళుగా బండి తోల్తున్నా పెద్దాయనా. ఇలాంటిది నా టైరుకి కూడా తగల్లేదు."

"తగలదు. నీది మామూలు లారీ. ఇక అసలు సంగతి. అంత బండిని, నేను ఇన్ని అతుకులు అతికిన బండిని, మా ఘనుడు ఏం చేశాడు? హోటలు ముందు ఏటవాలు ఉంది కదా, అక్కడ ఆపి దిగాడు. హ్యాండ్ బ్రేకు లాగలేదు. అంతే, వెనక భాగం బయల్దేరింది. వెనక భాగం బయల్దేరిన సంగతి ముందు భాగానికి మూడో రోజుగ్గానీ తెలియలేదు. అలా మూడు పగళ్ళు జారి జారి హోటలు వంటగది గోడలోకి దూరింది. లోపల వంటవాడు, ఏమిటీ ఇంకా వస్తూనే ఉంది అని గరిట పట్టుకుని సాయంత్రం దాకా చూశాడట. బండి తుక్కుకి పోయింది. నా పేరు దానితో పోయింది. అంత చేసి, రెండు చేతులతో లాగాను బావా అని పదిమందిలో ఒట్టు పెట్టాడు వాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బ్రేకే పట్టలేదట! అబద్ధానికి ఒట్టు కూడానా? పదిమందిలోనే చెప్పాను, నా గడప తొక్కొద్దని. ఇప్పుడు చెప్పండి, అలాంటివాణ్ణి ఈ ముత్యం మీద చెయ్యి వెయ్యనివ్వాలా?"

ఎవరూ మాట్లాడలేదు. నా కథ అంత గట్టిగా తగిలిందనుకున్నాను. చూస్తే వాళ్ళ చూపు నా మీద లేదు, బోర్లా పడి ఉన్న బెంచీ మీద ఉంది.

సీట్లు కుట్టేవాడు దాని కడుపులోంచి తీగ చుట్ట ఒకటి బయటికి లాగాడు. నల్లగా, గ్రీజు ఎండిపోయి, పాములా. తెచ్చి టీ గ్లాసుల పక్కన పెట్టాడు.

"అన్నా, ఇదేమిటి?"

"ఏదో కేబులు," అన్నాను.

"హ్యాండ్ బ్రేకు కేబులు," అన్నాడు లారీ డ్రైవరు, కొస పట్టుకుని తిప్పి చూసి. "వెనక చక్రాల దగ్గర్నుంచి వచ్చే ముక్క. బండిని నడిమికి కోసినప్పుడు దీన్నీ కోసుంటారు. పొడిగించి ముందు ముక్కతో కలపాలిగా. కలిపుంటే ఇది సీటు కింద ఎందుకుంటుంది?"

"అంటే ముందు లివరు లాగితే?" అంది కొట్టు అమ్మాయి.

"రెండు చేతులతో కాదు, రెండెడ్లని కట్టి లాగినా ఏమవుతుంది? అవతల ఏమీ లేదు."

"బ్రేకులు వాడి పనేగా!" అన్నాను. గొంతు పెద్దదే వచ్చింది.

సీట్లు కుట్టేవాడు చుట్టని నావైపు తిప్పాడు. నడుముకి రాగి వైరు కట్టి ఉంది. మూడు మెలికలు. కొస లోపలికి మడత.

"ఇది ఎవరి కట్టన్నా?"

ఇరవై రెండేళ్ళ తర్వాత కూడా ఒక్క పోగు సడలలేదు. పని అంటే అదీ. వెల్డింగు నిప్పురవ్వలు పడతాయని ఆ ముక్కని నేనే చుట్టి సీటు చట్రానికి కట్టేశాను. అన్నం తిని వచ్చి వాడికి చెప్దామనుకున్నాను. అన్నం తిన్నాను. మిగతాది గుర్తు లేదు. వాడు పాపం ముందు లివరు సరిచూసుకున్నాడు, అది కిర్రుమంది, సరేననుకున్నాడు.

"మద్దెల బాగానే ఉన్నట్టుంది బాబాయ్," అంది కొట్టు అమ్మాయి.

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు, ఈ వయసులో కొత్త అలవాట్లు మంచివి కావు.

"ఆ కేబులు పొట్టిది కాదు," అన్నాను. "కారే పొడుగు."

లారీ డ్రైవరు టీ ముక్కులోకి పోయి అయిదు నిమిషాలు దగ్గాడు. నల్ల కారు కూడా అంతసేపు దగ్గలేదు ఆ రోజు.

గోడ గడియారం చూశాను. నాలుగు కావస్తోంది. అక్కడ ముసలాయన బూట్లు తొడుక్కుని కూర్చుని ఉన్నాడు, పొద్దుటి నుంచి.

"అమ్మాయ్, వాడి నంబరు ఉందా నీ దగ్గర?"

"ఉంది బాబాయ్. ఏమని చెప్పను? నువ్వు పిలిచావనా?"

"నేనెందుకు పిలుస్తాను? కార్బురేటరు పిలిచిందని చెప్పు."

పావుగంటలో వచ్చాడు, డబ్బా పట్టుకుని. జుట్టు తెల్లబడింది, నడక అదే. బల్ల మీద చుట్ట ఇంకా అక్కడే ఉంది, ఎవరూ తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. దాని దగ్గర ఆగాడు. మెలికల మీద వేలు పెట్టాడు, ఒకటి, రెండు, మూడు. నేను ఆకాశం వైపు చూశాను, వాన వచ్చేలా ఏమీ లేదు.

వేలు తీసి షెడ్డులోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను, నా షెడ్డు కనక. నల్ల కారు రేకు మీద అరచెయ్యి రాశాడు, తల ఊపాడు. బానెట్టు ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. ముందు తలుపు తీసి, లోపలికి వంగి, హ్యాండ్ బ్రేకు లివరు లాగాడు. కిర్రుమంది.

"ఈ కేబులు ఎవరు కట్టారు బావా?"

ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటి మాట.

"నేనే."

వాడు లివరు మీద నుంచి చెయ్యి తీసి డబ్బా తెరుచుకున్నాడు.

"అయితే చక్రం కింద రాయి పెట్టండి."

వీధిలో అందరూ విన్నారు. మంచి రాయి వెతికి, మట్టి దులిపి, నేనే తెచ్చి పెట్టాను. అలా కుదురుగా రాయి పెట్టడం ఈ వృత్తిలో ఇంకెవడికీ రాదు.