నాలుగు వందల ఆరు చుట్లు

"మా నాన్న గొప్పవాడని నేను చెప్పను. లెక్క తప్పని మనిషి, అంతే," అని మొదలుపెట్టాడు గుల్బ్రాన్.

అతను ఇలా తగ్గి మొదలుపెట్టాడంటే కాఫీ కుండ ఇంకోసారి పొయ్యి మీదికి ఎక్కించాల్సిందే. వానకి గోధుమ నూర్పు ఆగిపోయి, చుట్టుపక్కల రైతులంతా నా దుకాణం వసారాలో చేరారు. నూర్పు యంత్రం నడిపే సివెర్ట్ మెట్టు మీద కూర్చున్నాడు, ముసలి ఆస్లాక్ పిండి బస్తా మీద. అందరం నార్వే నుంచి సముద్రం దాటి ఈ డకోటా గడ్డి నేలకి వచ్చిన కుటుంబాల వాళ్ళమే. పళ్ళ మధ్య పంచదార ముక్క బిగించి దాని మీదుగా కాఫీ పీలుస్తున్నాం.

నాలుగింటికి బడి గురించి సభ ఉంది. తన బావి పక్కన ఎకరం బడికి ఇస్తాననీ, బడికి మాత్రం వాళ్ళ నాన్న ఐవిండ్ పేరు పెట్టాలనీ గుల్బ్రాన్ అన్నాడు. కొందరికి అది నచ్చలేదు. అందుకే ఆ రోజు అతని గొంతులో మామూలు కంటే ఊపు ఎక్కువగా ఉంది.

"పద్దెనిమిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం. ఈ డకోటాలో అప్పుడేముంది? గడ్డి. ఎద్దు నిలబడితే కొమ్ములు మాత్రం కనబడేవి. ప్రభుత్వం వారు ఎక్కడో ఒక మూల రాయి పాతి, నీ భూమి ఎక్కడుందో నువ్వే వెతుక్కోమన్నారు. గొలుసు లేదు, కొలతాడు లేదు. మా నాన్న ఏం చేశాడు? మా అమ్మ ఎర్ర తలగుడ్డ తీసి బండి చక్రానికి కట్టాడు. గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా ఒకటి. మైలుకి నాలుగు వందల ఆరు చుట్లు. రాయి దగ్గర బయల్దేరి పడమటికి అన్ని చుట్లు పోతే మా భూమి."

"అందరూ అలాగే కొలిచారు కదన్నా," అన్నాడు సివెర్ట్.

"కొలిచారు, ఒకటో రెండో తప్పారు. మా నాన్న తప్పలేదు. ఆ దారిలోనే మా అమ్మకి నొప్పులొచ్చాయి. ఆ బండిలోనే నేను పుట్టాను. చక్రం ఆగితే ఒట్టు. మా నాన్న ఎడం చేత్తో నన్ను పట్టుకుని, కుడి చేతి వేళ్ళు మడుస్తూ లెక్క సాగించాడు. మధ్యలో నేను ఏడ్చిన ఏడుపులు కూడా లెక్కపెట్టాడు, నలభై రెండు. నమ్మకపోతే మా అమ్మని అడగండి."

వాళ్ళమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఆస్లాక్ పంచదార ముక్కని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ లెక్క ఎడ్లకి కూడా అంటుకుంది. వంద చుట్లకోసారి ఎడం పక్క ఎద్దు గిట్టతో నేల తట్టేది. ఆకాశంలో అడవి బాతులు పోతుంటే మా నాన్న ఒక్క చూపులో నూట పదిహేడు అనేవాడు. ఒకసారి, నూట పద్దెనిమిది ఉండాలే అన్నాడు. గుంపు మొత్తం వెనక్కి తిరిగి, తప్పిపోయినదాన్ని వెంటబెట్టుకొచ్చింది. చివరికి సర్వే అధికారులే బండి కట్టించుకుని వచ్చారు, అయ్యా ఐవిండ్ గారూ, ఈ డకోటా పడమట ఎక్కడ ఆగుతుందో కాస్త చూసి చెప్పండని. మా నాన్న చక్రానికి గుడ్డ కట్టి, పోయి కొలిచి, భోజనం వేళకి తిరిగొచ్చాడు."

"ఏ నెల భోజనానికి?"

"ఆ రోజుదే. ఆ ఎడ్లని నువ్వు చూళ్ళేదు సివెర్టూ. అసలు మా కంచె బావి దగ్గర పక్క పొలంలోకి ఎందుకు ఉబ్బి ఉందో తెలుసా నీకు? దున్నుతుంటే నాగలి గడ్డి వేరులో చిక్కుకుంది. వేరంటే ఇప్పటిది కాదు, మనిషి తొడంత. మా నాన్న ఎడ్లని అదిలించాడు. వేరు తెగలేదు, నాగలి విరగలేదు, ఎడ్లు ఆగలేదు. మరి ఏదో ఒకటి లొంగాలిగా? భూమి సాగింది. రొట్టెల పిండి లాగినట్టు నాలుగు వందల అడుగులు సాగింది. సర్వే వాళ్ళు వచ్చి పటం చెరిపేసి మళ్ళీ గీసుకున్నారు."

అందరూ పడీపడీ నవ్వారు. ఆస్లాక్ మాత్రం కంచె మాట రాగానే కప్పు కింద పెట్టాడు.

"బావి సంగతి చెప్పనా?" అని గుల్బ్రాన్ గొంతు తగ్గించాడు. "మా అమ్మ మనసు ఇక్కడ కుదరలేదు. కొండ లేదు, చెట్టు లేదు, సముద్రం లేదు. మట్టి ఇంటి గుమ్మంలో కూర్చుని తూర్పుకేసి చూసేది. మా నాన్న చూడలేక బావి మొదలుపెట్టాడు. అరవై అడుగులకే నీళ్ళు పడ్డాయి, ఆయన ఆగలేదు. ఎంత లోతంటే, ఇవాళ చేద వదిలితే రేపు నీళ్ళకి తగిలేది. ఒకరోజు చేద లాగితే అందులో ఏముందో తెలుసా? హెర్రింగ్ అనే సముద్రపు చేప, మూరెడు. మా అమ్మ దాన్ని వాసన చూసి, ఇది మా ఊరి సముద్రపు పాయదే అని బావురుమంది. నాలుగు నెలలకి మా అమ్మమ్మ దగ్గర్నుంచి ఉత్తరం. ఇక్కడ పాయలో నీళ్ళు తగ్గి పడవలన్నీ బురదలో కూర్చున్నాయి, మీరేమైనా తోడేస్తున్నారా అని. అప్పట్నుంచి మా నాన్న రోజుకి ఆరు చేదలే తోడాడు. పరాయివాళ్ళకి ఇబ్బంది కలిగించే మనిషి కాదు."

నవ్వులు సద్దుమణిగాక అతను ఇంకో రకంగా మాట్లాడాడు. "ఇప్పుడాయన పేరు ఎక్కడుంది చెప్పండి? మట్టి ఇల్లు వానలకి కరిగి నేలలో కలిసిపోయింది. ఊరికేమో ఎవరో రైలు అధికారి కూతురి పేరు. ఆ పిల్ల ఈ ఊరి మొహం కూడా చూడలేదు. ఒక్క బడికి మా నాన్న పేరు పెట్టమంటే ఓట్లు వేసి చూస్తారట. ఒక్క చుట్టు తప్పకుండా కొలిచిన భూమిలోంచి ఎకరం ఇస్తున్నాను నేను."

"అది ఇవ్వడానికి నీది కాదు గుల్బ్రాన్," అన్నాడు ఆస్లాక్.

ఆయన మాట్లాడటమే తక్కువ. అబద్ధం ఆడగా విన్నవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. పక్క పొలం ఆయనదే.

"రేపు బడివాళ్ళు కొలిచే మనిషిని పిలిపిస్తున్నారు. నువ్వు సంతకం పెట్టాక తేలితే ఆ కాగితం చెల్లదు, పేరూ పోతుంది. అందుకని చెబుతున్నా. ఆ బావి, దాని పక్క నేల నా భూమిలో ఉన్నాయి. మీ నాన్న లెక్క తప్పాడు. తను బతికుండగా ఎవరితోనూ అనొద్దన్నాడు, అనలేదు."

గుల్బ్రాన్ లేచి నిలబడ్డాడు. "మా నాన్న లెక్క తప్పడమేంటి బాబాయ్?"

"మూడు వందల పదకొండు దాకా సరిగ్గానే వచ్చాడు. అప్పుడు బండిలో నువ్వు ఏడ్చావు. ఆయన పగ్గాలు వదిలేసి లోపలికి ఎక్కాడు. ఎడ్లు వాటి దారిన అవి నడుస్తూనే ఉన్నాయి. నిన్ను చేతుల్లోకి తీసుకుని ఎంతసేపు చూశాడో ఆయనకే తెలీదు. దిగి వచ్చి, మూడు వందల పన్నెండు అని మళ్ళీ మొదలుపెట్టాడు."

మిగతాది ఆయన ఆగి ఆగి చెప్పాడు. మరుసటి ఏడు పక్క భూమికి ఆస్లాక్ వచ్చాడు. రెండు చోట్ల తవ్వినా నీళ్ళు పడలేదు, ఆ చలికాలమంతా వాళ్ళింటిల్లిపాదీ ఐవిండ్ బావి నీళ్ళే తాగారు. వసంతంలో కొలుచుకుంటే ఆ బావీ, ఆ ఇల్లూ తన భూమిలోనే తేలాయి. ఐవిండ్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చి, ఇల్లు పీకేస్తానన్నాడట.

"ఎలా తప్పావని అడిగాను, చెప్పాడు. ఇంక నేనేం అనను? కంచె వేసేటప్పుడు బావీ, ఇల్లూ మీ వైపుకి వచ్చేలా తిప్పి వేశాను."

గుల్బ్రాన్ మెల్లగా కూర్చున్నాడు. నా వసారాలో అతను ఒకరిని ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడం నేను అదే మొదటిసారి చూడటం.

"మూడు వందల పదకొండా?"

"పదకొండు. అక్కణ్ణుంచి లెక్క లేదు."

గుల్బ్రాన్ తల దించుకుని ఏడ్చాడు. నేను అందరికీ మళ్ళీ కాఫీ పోశాను. కాసేపటికి ఆస్లాక్ అతని భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఎకరానికి సంతకం తను పెడతాననీ, పేరు ఐవిండ్‌దే ఉండాలనీ, నాలుగవుతోంది పదమనీ అన్నాడు.

సివెర్ట్ ఉండబట్టలేకపోయాడు. "మరి ఆ చేప సంగతేంటన్నా?"

గుల్బ్రాన్ మొహం తుడుచుకుంటూ లేచాడు. ఆస్లాక్ మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు.

"చేప నిజమే, నేను చూశాను," అన్నాడు. "కాకపోతే మూరెడు లేదు. జానెడు."