తిప్పి పంపిన శాక్సఫోన్

(1962, నెలాఖరు. చెక్ కొండల్లో సర్కారు వాద్యాల ఫ్యాక్టరీ. వాద్యాలకు తోలు మూతలు బిగించే బ్లాంకా, మూడో అంతస్తులో వాటిని ఊది చూసే రాదెక్ గదిలో రుసరుసలాడుతోంది.)

"మళ్ళీ నాదేనా? అంతమందిమి బిగిస్తుంటే మీ కంటికి నా శాక్సఫోనే ఆనుతుందా, రాదెక్ గారూ?"

"ముందు కూర్చోండి, బ్లాంకా గారూ. అన్ని మెట్లెక్కి వచ్చారు. టీ తాగుతారా?"

"టీ సంగతి తర్వాత. ఏమిటట ఈసారి లోపం?"

"అదే... పై స్వరాల దగ్గర గాలి పోతోంది."

"పైనా? కింద కాదూ?"

"కిందా... ఆఁ, కింద కూడా, కొంచెం. అల్లం బిస్కెట్లున్నాయి, తింటారా?"

"బిస్కెట్లతో మాట మార్చకండి. ఇందాకే ఫోర్‌మన్ పిలిచి చెప్పాడు. ఇది కూడా వెనక్కొచ్చిందంటే నన్ను ఏటవతల పెట్టెల షెడ్డుకి తోలేస్తాడట. ఇక పొద్దస్తమానం పెట్టెలకి ముఖమల్ గుడ్డ అతికించుకోవడమే!"

"ఏటవతలకా? మిమ్మల్నా? వాడికేం పోయేకాలం!"

"నెలాఖరుకి సర్కారు ప్లాను లెక్క పూర్తి కావాలి కదండీ! మొన్నమొన్నటిదాకా శాక్సఫోన్ అంటే అమెరికా దొరల వాద్యమని గోడల మీద ఎగతాళి బొమ్మలేశారు. ఇప్పుడేమో ఎన్ని చేసినా చాలవట. మా తాత కార్ఖానాని సర్కారులో కలిపేసుకున్నప్పుడు ఇత్తడి మీద ఆయన పేరు పోయింది. పోతే పోయింది, పనైనా నా చేతుల్లో మిగిలిందనుకున్నా. అదీ పోతే నేనేమైపోవాలి?"

"ఏదీ పోదు. ఇదిగో, ఆ లోపాల చీటీ చించేశాను. పాసు! ముద్ర కూడా కొట్టేశా. సరేనా?"

"అయ్యయ్యో! ఊదకుండానే?"

"అక్కర్లేదండీ."

"అక్కర్లేకపోవడమేమిటి! ఇటివ్వండి, ఒక్క నిమిషం చూసి ఇచ్చేస్తా."

"ఏం చూస్తారు? దానికి ఏ లోపమూ లేదు. అసలు... మీవి వేటికీ లేదు."

"మరెందుకు తిప్పి పంపారు?"

"తిప్పి పంపితే బిగించినవాళ్ళే పైకొచ్చి పట్టుకెళ్ళాలి కదా, రూలు. లేకపోతే మీరీ గది మొహం చూస్తారా?"

"అంటే... ఊదనే లేదా? ఒక్కటి కూడా?"

"మొదటిదాని నుంచీ మీవి ఒక్కటీ ఊదలేదు. మీ పని మీద అంత నమ్మకం. తిట్టండి, పడతాను. అదిగో, లారీవాడు హారన్ కొడుతున్నాడు. మాస్కో సరుకట, దీన్నీ పంపేస్తాను."

"ఆగు! దింపు దాన్ని!"

"ఏమైంది?"

"అడుగున పెద్ద మూత సందులో చూడు."

"ఇదేమిటిది... అగ్గిపుల్ల! ఎవడి పని ఇది? మీ మీద కక్షగట్టి ఎవడో..."

"ఎవడూ కాదు, నేనే! మొదటిది నిన్ను పరీక్షిద్దామని, గాలి పోయేలా పెట్టాను. తక్కినవన్నీ నువ్వు పైకి పిలుస్తావని పెట్టాను. ఎక్కడ పుల్ల పెట్టినా పట్టేస్తున్నాడు, ఎంత గొప్ప చెవి అనే కదయ్యా నీ మీద మనసు పడ్డాను!"